బాగ్ లోటస్ వారికి నేను చేసిన మంత్రోపదేశం

వేదిక ఎక్కి పరువు పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది పాట మరిచిపోయో, మెట్టు తప్పి పడిపోయో పోగొట్టుకుని ఉంటారు. నేను మాత్రం కాళ్ళు మడిచి, కళ్ళు మూసుకుని, కాషాయం రంగు దుప్పటి కప్పుకుని, బుద్ధిగా కూర్చునే పోగొట్టుకున్నాను. పైగా నా ఒక్కడి పరువుతో సరిపెట్టలేదు. ఇద్దరు ముసలి ఐరిష్ మనుషులు నలభై ఏళ్ళుగా దాచుకున్న పాట ఒకటి ఉంటే, దాన్ని కూడా నిండు సభలో ముంచబోయాను. ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎక్కడైనా గిటార్ మోగితే నా వెన్ను దానంతటదే వంగిపోతుంది. నవ్వొస్తే మీరు నవ్వుకోండి. నాకు ఓపిక లేదు, నేను చెప్పుకుంటూ పోతాను.

ఐర్లండ్‌లో మాంద్యం నడుస్తున్న రోజులు. అత్లోన్‌లో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసేవాణ్ణి. ఒక సోమవారం మమ్మల్నందర్నీ క్యాంటీన్లోకి పిలిచి, బిస్కెట్లు పెట్టి, ఇక రావద్దన్నారు. బిస్కెట్లు మంచివే. నేను నాలుగు తిన్నాను.

మేముండేది పోర్ట్‌లీష్‌లో. నా భార్య సువార్త అక్కడే ఒక నర్సింగ్ హోమ్‌లో, అంటే ముసలివాళ్ళని ఉంచి చూసుకునే చోట, నర్సు. ఆమె ఉద్యోగం ఆమెకుంది కాబట్టి ఇల్లు నడుస్తోంది. నాకు మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చెయ్యాలో తెలిసేది కాదు. దరఖాస్తులు పెట్టేవాణ్ణి. వంట చేసేవాణ్ణి. వంటింటి ప్రెస్‌లో, అంటే అలమారాలో, పప్పుల డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దేవాణ్ణి. మర్నాడు రంగు ప్రకారం సర్దేవాణ్ణి. సువార్త డ్యూటీ నుంచి వచ్చి పసుపు డబ్బా కోసం ఐదు నిమిషాలు వెతికి, నా మొహం కేసి చూసేది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. జాలి ఉండేది.

ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన వెధవపనికి ఇది కారణం. సాకు అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు. ఎనిమిది నెలలుగా ఎవరికీ అక్కర్లేని మనిషిని, ఒక్కరైనా వచ్చి “నువ్వు కావాలి” అంటే చాలు, ఎందుకని అడగను కూడా అడగను.

అలా అడిగినవాడు మా పక్కింటి ఫింటన్. వయసు అరవై ఐదు. తల మీద ముందు భాగంలో వెంట్రుక లేదు కానీ వెనకాల నడుం దాకా జడ ఉంది, ఉన్నదంతా వెనక్కి జారిపోయినట్టు. నవంబరు చలిలో కూడా చెప్పుల్లేకుండా పెరట్లో తిరిగేవాడు. నేను తాడు మీద బట్టలు ఆరేస్తుంటే కంచె మీద మోచేతులు ఆనించి పలకరించాడు.

“ఇండియా వాళ్ళు కదూ? నీ పేరేంటి?”

“ప్రభుదాసు. ప్రభు అంటే చాలు.”

“ప్రభు!” అన్నాడు. కంచె వదిలేసి రెండు చేతులూ జోడించాడు. “నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చావు. అయినా పర్లేదు, గ్రాండ్. లోపలికి రా, టీ పెడతాను.”

నాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. మా తాతగారి కాలం నుంచి క్రైస్తవులం. మా నాన్న ఆదివారం బడిలో హార్మోనియం వాయించేవాడు. నా పేరులో ఉన్న ప్రభువు ఎవరో మీకు అర్థమైంది. ఫింటన్‌కి అర్థమైన ప్రభువు వేరు. నేను సరిదిద్దాలి. వేడి టీ, అల్లం బిస్కెట్టు వస్తున్నాయి. సరిదిద్దలేదు. నా జీవితంలో పెద్ద తప్పులన్నీ బిస్కెట్ల సమక్షంలోనే జరిగాయి.

వాళ్ళ వంటింట్లో అగరొత్తుల పొగ ఎంతుందంటే కెటిల్ ఎక్కడుందో చెయ్యి చాపి తడుముకోవాలి. గోడ మీద ఒక ఫోటో. నలుగురు కుర్రాళ్ళు, పూల చొక్కాలు, మెడలో పూసలు, ఒట్టి పాదాలు. నిలబడ్డది మాత్రం పీట్, అంటే పొయ్యిలోకి వాడే నల్లమట్టి, తవ్వే బురదనేలలో. మోకాళ్ళ దాకా దిగబడ్డారు.

“మా బ్యాండ్. బాగ్ లోటస్,” అన్నాడు ఫింటన్ గర్వంగా. “బాగ్ అంటే మా బురదనేల. లోటస్ అంటే మీ తామర.”

“తామర బురదలోనే కదా పూసేది,” అన్నాను మర్యాదకి.

ఆయన కప్పు కింద పెట్టేశాడు. “చూశావా! ఈ ఊళ్ళో ఈ మాట నలభై ఏళ్ళుగా ఎవరికీ తట్టలేదు!”

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం చెబితే మీకు నామీద అసహ్యం వేస్తుంది. నేనూ ఒక మనిషినే అనిపించింది.

ఆ తర్వాత గంటన్నర సేపు ఆయన నాకు రాక్ సంగీతం చరిత్ర చెప్పాడు. హిప్పీలు రాకముందు పాటంటే మూడు నిమిషాలట. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఒక డాన్సు, అయిపోయింది. హిప్పీలు వచ్చి పాటకి తలుపులు తీసేశారట. యుద్ధం వద్దన్నారు, ఉద్యోగం వద్దన్నారు, చెప్పులు వద్దన్నారు. పాట ఎప్పుడు ముగియాలో గడియారం చెప్పకూడదన్నారు. గిటారు తీగ ఒకదాన్ని తంబూరాలా ఆపకుండా మోగనిచ్చి, దాని మీద మరో తీగతో గంటలకొద్దీ తిరగడం మీ దేశం నుంచే నేర్చుకున్నాం అన్నాడు. “మీ దేశం” అన్నప్పుడల్లా నా వైపు తల వంచేవాడు. నేనూ వంచేవాణ్ణి, ఆ తంబూరాలన్నీ మా పెరట్లోనే కాసినట్టు.

“మేమూ ఒక పాట చేశాం,” అన్నాడు. “ఇరవై రెండు నిమిషాలు. దాని మధ్యలో మూడు నిమిషాలు అన్నీ ఆగిపోయి, ఒక్క తీగ, చిన్నగా డ్రమ్ము, దాని మీద ఇండియా మంత్రం. డెబ్బైల మొదట్లో ఈ చుట్టుపక్కల ఇండియా మనిషి ఎక్కడ దొరుకుతాడు? అందుకని నేనే ఏదో నోటికొచ్చింది గొణిగాను. నోయెల్‌కి నచ్చలేదు.”

నోయెల్ అంటే వాళ్ళ డ్రమ్మర్. పీట్ కోసే యంత్రం నడిపే మనిషి. అబద్ధమంటే ఒంటికి పడనివాడు. “ఆ మాటలకి అర్థమేంట్రా?” అని వేదిక మీదే అడిగాడట. “అనుభూతి ముఖ్యం,” అన్నాడట ఫింటన్. “నీకే తెలియనిదాన్ని పది మందికి పవిత్రమని ఎలా అమ్ముతావు?” అని నోయెల్ కర్రలు కింద పెట్టి, పాట మధ్యలో లేచి వెళ్ళిపోయాడట. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఒకే ఊళ్ళో, ఒకే చర్చి వీధిలో, నలభై ఏళ్ళు.

“ఇప్పుడు వాడికి చేతులు వణికే జబ్బు,” అన్నాడు ఫింటన్ కిటికీలోంచి చూస్తూ. “నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. నెల క్రితం కబురు పెట్టాడు. కర్రలు ఇంకా పట్టుకోగలిగిన రోజులు కొన్నే ఉన్నాయట. ఆ పాట ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా వాయిద్దామన్నాడు. ఒక్కటే షరతు. ఆ మూడు నిమిషాల మాటలు నిజమైనవై ఉండాలి.”

నా వైపు తిరిగాడు. ఆ కళ్ళు చూసి కాదనడానికి రాతిగుండె కావాలి. నాది బిస్కెట్టు గుండె.

“నీకు మంత్రాలు వచ్చు కదూ, ప్రభు?”

రావు అనాలి. రెండే అక్షరాలు.

“ఏదో, కొద్దిగా,” అన్నాను.

“ఒకటి వినిపించవూ?”

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించండి. నాకు వచ్చినవన్నీ చర్చి పాటలు. సరే, తెలుగులో పాడితే ఆయనకేం తెలుస్తుంది అనుకుని, మా నాన్న హార్మోనియం మీద వాయించే ఒక పాత పాట కళ్ళు మూసుకుని అందుకున్నాను. రెండు వరుసలు కాకుండానే ఫింటన్ లేచి నిలబడ్డాడు.

“ఆపు ఆపు! ఇది మా అమ్మ ప్రతి ఆదివారం పాడే బాణీ! ఈ పాట నుంచి పారిపోవడానికే నేను గిటారు కొన్నాను!”

అప్పుడు నాకు తట్టింది. ఆ బాణీని దొరలు ఓడలో వేసుకుని మా ఒంగోలు తెచ్చారు. మేం దాన్ని మనదే అనుకుని మూడు తరాలుగా పాడుకుంటున్నాం. ఇక్కడివాళ్ళు దాన్ని వదిలించుకుని మా మంత్రాల కోసం అటు బయల్దేరారు. నడి సముద్రంలో రెండు ఓడలూ ఎదురుపడి ఉంటాయి, ఒకరికొకరు చెయ్యి ఊపుకుని ఉంటారు.

“క్షమించాలి,” అన్నాను. “అది ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది. అసలుది వేరే ఉంది.”

ఒక అబద్ధం చెప్పాక రెండోది ఎంత సులువుగా వస్తుందో చూడండి. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. లోపల అంతా వెతికాను. పిల్లప్పుడు కంఠతా పట్టింది, ఊగుతూ పాడింది, అర్థంతో పని లేకుండా నోట్లోంచి వచ్చేది ఏదైనా ఉందా? ఉంది. నాలుగో తరగతి కనిపించింది. బెత్తం కనిపించింది. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. నాభి దగ్గర్నుంచి గొంతు తీసి, లాగి లాగి అందుకున్నాను.

“పదిహేడొకట్ల... పదిహేడూ... పదిహేడు రెళ్ళ... ముప్పైనాలుగూ... పదిహేడు మూళ్ళ... యాభై ఒకటీ...”

రెండో ఎక్కం మరీ చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుందనిపించింది. పదమూడు తొందర తొందరగా పోతుంది. పదిహేడుకి ఒక బరువు ఉంది. నమ్మకపోతే తలుపు వేసుకుని మీరే పాడి చూడండి.

పదిహేడు పదుల నూట డెబ్బై దగ్గర ఆపి కళ్ళు తెరిచాను. ఫింటన్ గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి.

“దాని అర్థమేంటి?” అన్నాడు మెల్లిగా.

పాడినంతవరకు పాపం పావు వంతే. మిగతా ముప్పావు ఇక్కడుంది. ఆ మనిషి ఏడుస్తున్నాడు, నేను ఆపాలి. ఆపకుండా ఏమన్నానో తెలుసా?

“ఒక నది కొండ మీద పుట్టి, అడుగడుగునా పెరుగుతూ, చివరికి సముద్రంలో కలుస్తుంది.”

“అడుగడుగునా పెరుగుతూ,” అన్నాడు ఆయన.

“అవును. పదిహేడు చొప్పున,” అనలేదు నేను. అనుకున్నాను.

ఆ రోజు నుంచి వారానికి మూడు రోజులు సాధన. ఫింటన్ తీగ మీటుతాడు, నేను ఎక్కం చెబుతాను. ఆయన చెల్లెలి కొడుకు దగ్గర్నుంచి కాషాయం రంగు సోఫా దుప్పటి ఒకటి తెచ్చి నా భుజాల మీద కప్పాడు. సువార్త నాలో మార్పు గమనించింది.

“ఏవండీ, పప్పు డబ్బాలు నాలుగు రోజుల్నించీ ఒకేచోట ఉన్నాయి. ఒంట్లో బాగానే ఉందా?”

“పక్కింటాయన పాటలో నేనూ పాడుతున్నా. నోయెల్ అని మీ నర్సింగ్ హోమ్‌లో ఉంటాడట కదా, ఆయన బ్యాండు.”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. “ఆ పాట మీరా పాడేది? ఆయన నెల రోజులుగా ఆ రోజు కోసమే అన్నం తింటున్నాడండీ! మొన్నటిదాకా స్పూను పట్టమంటే విసిరికొట్టేవాడు. ఇప్పుడు అడిగి మరీ తింటున్నాడు, చేతులకి బలం రావాలని. రోజూ మంచం పట్టె మీద కర్రలతో కొట్టుకుంటాడు. ఇంతకీ ఏం పాడుతున్నారు?”

“ఏదో... పాతది.”

“నాన్నగారు వాయించేదా?”

“అంతకన్నా పాతది.”

ఆమె మొహం వెలిగిపోయింది. పెళ్ళయిన కొత్తలో చూసిన వెలుగు అది. మళ్ళీ చూస్తాననుకోలేదు. అప్పుడైనా నిజం చెప్పెయ్యాల్సింది. ఆ వెలుగు ఆర్పడానికి నాకు చెయ్యి రాలేదు. పిరికితనానికి ఎంత అందమైన పేర్లు పెట్టుకోవచ్చో మీకు తెలుసు, నేనూ పెట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఊరి హాల్లో కార్యక్రమం. నర్సింగ్ హోమ్ వాళ్ళు, ఇరుగుపొరుగు వాళ్ళు, ఫింటన్ వయసున్న జడల మనుషులు కొందరు. మొత్తం ఐరిష్ వాళ్ళే కదా, పదిహేడో ఎక్కం ఎవరికి తెలుస్తుందని నా ధైర్యం. తెర పక్కనుంచి చూశాను. మొదటి రెండు వరుసల్లో చీరలు కనిపించాయి.

సువార్త మా ప్రార్థన గుంపులో అందరికీ చెప్పేసింది. తన భర్త మళ్ళీ ఏదో ఒకటి చేస్తున్నాడన్న సంతోషం పట్టలేక చెప్పింది. పదిహేను మంది తెలుగు నర్సులు, వాళ్ళ మొగుళ్ళు, పోర్ట్‌లీష్ ఆస్పత్రి డాక్టరు గారొకాయన, మధ్యలో కమలమ్మ ఆంటీ. కమలమ్మ ఆంటీ సువార్త స్నేహితురాలి తల్లి. మనవణ్ణి చూసుకోవడానికి ఆరు నెలలకి వచ్చింది. చీరాలలో ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరు.

తెర వదిలేసి వెనక్కి వచ్చాను.

“ఫింటన్,” అన్నాను. “నాకు గొంతు బాలేదు.”

“భయం సహజం. గ్రాండ్‌గా ఉంటుంది,” అని నా మెడ చుట్టూ దుప్పటి సర్ది, చేతిలో ఒక కాగితం పెట్టాడు. సభలో అందరికీ పంచినదే. అందులో పాట పేరు, దాని కింద పెద్ద అక్షరాల్లో: ‘ప్రాచీన భారతీయ శ్లోకం. నది అడుగడుగునా పెరుగుతూ సముద్రంలో కలుస్తుంది. గానం: ప్రభు.’

అప్పుడే సువార్త చక్రాల కుర్చీలో నోయెల్‌ని తీసుకొచ్చింది. బక్కపలచని మనిషి. ఒడిలో రెండు కర్రలు. చేతులు గాలికి ఊగే ఆకుల్లా ఉన్నాయి. ఫింటన్, ఆయన ఒకరినొకరు చూసుకున్నారు.

“ముసలాడివైపోయావు,” అన్నాడు నోయెల్.

“నీ జుట్టేది?” అన్నాడు ఫింటన్.

నలభై ఏళ్ళ తర్వాత అంతే. నోయెల్ నా వైపు తిరిగాడు. “నువ్వేనా? మాటలు నిజమైనవే కదా?”

నేను తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. మనవాళ్ళ తల ఊపు వల్ల ఆ ఒక్క సౌకర్యం ఉంది.

పాట మొదలైంది. వింత ఏమిటంటే, కర్రలు పట్టుకోగానే నోయెల్ చేతుల వణుకు దరువులో కలిసిపోయింది. పదో నిమిషం వచ్చేసరికి హాలంతా మెల్లగా ఊగుతోంది. అన్నీ ఆగాయి. ఒక్క తీగ, చిన్నగా డ్రమ్ము. ఫింటన్ నా వైపు చూసి తల వంచాడు. ఇక తప్పదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెలుగువాళ్ళకి అర్థం కాకుండా ఉండాలని ప్రతి మాటనీ మెలితిప్పి, సాగదీసి, ముక్కుతో పలికాను.

“పదిహే...డొకట్ల...”

మొదటి వరుసలో ఎవరో దగ్గారు. ముప్పైనాలుగు దాటాను. యాభై ఒకటి దాటాను. ఎనభై ఐదు దగ్గర డాక్టరు గారి గొంతు వినబడింది, “ఇదేంటి, విన్నట్టుందే?” నూట రెండు. నూట పంతొమ్మిది. చెమటలు కారిపోతున్నాయి. బడిలో కూడా నేను ప్రతిసారీ దెబ్బ తినేది ఆ తర్వాతి మెట్టు దగ్గరే.

“పదిహేడు ఎనిమిదుల... నూట... నలభై ఆరూ...”

“ఏరా! నూట ముప్పై ఆరు!”

హాలు అదిరింది. కమలమ్మ ఆంటీ లేచి నిలబడి ఉంది. కావాలని లేవలేదు పాపం. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం ఆమెని లేపింది. కుడిచేతిలో ఉన్న కార్యక్రమం కాగితం చుట్ట చుట్టుకుని బెత్తం అయిపోయింది.

“మళ్ళీ చెప్పు!”

“పదిహేడు ఎనిమిదుల నూట ముప్పై ఆరు, టీచర్!” అన్నాను. కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాను.

“ఊఁ, తర్వాత? అందరూ!”

దేవుడి మీద ప్రమాణం, రెండు వరుసల తెలుగువాళ్ళూ ఒక్క గొంతుతో అందుకున్నారు. నర్సులు, మొగుళ్ళు, డాక్టరు గారు కూడా. “పదిహేడు తొమ్మిదుల నూట యాభై మూడు! పదిహేడు పదుల నూట డెబ్బై!” మన బళ్ళలో చదువుకున్నవాళ్ళకి ఇది ఆవలింత లాంటిది, పక్కవాడు మొదలుపెడితే ఆగదు. నోయెల్ కర్రలు ఆ బృందగానాన్ని పట్టుకుని పైకెత్తాయి. ఫింటన్ గిటారు గర్జించింది. ఐరిష్ వాళ్ళంతా ఇదొక ఏర్పాటనుకుని లేచి చప్పట్లు కొట్టారు. పాట ఇరవై రెండో నిమిషం దాకా ఎక్కడా ఆగకుండా పోయి, ముగిసింది. నలభై ఏళ్ళలో మొదటిసారి ముగిసింది.

అక్కడితో నేను ఏ కిటికీలోంచో దూకి పారిపోయి ఉంటే ఈ కథ గౌరవంగా ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. నా కళ్ళ ముందే ఫింటన్ వేదిక దిగి, కమలమ్మ ఆంటీ ఎదుట చేతులు జోడించాడు.

“అమ్మా, ఈ పవిత్ర శ్లోకం మీ అందరికీ వచ్చా?”

ఆంటీకి ఇంగ్లీషు బాగానే వచ్చు, లెక్కల టీచరు ఇంగ్లీషు. అనవసరమైన మాట ఒక్కటి ఉండదు.

“ఏ శ్లోకం? అది పదిహేడో ఎక్కం. నాలుగో తరగతి. మీ మనిషి తప్పు చెప్పాడు.”

“ఎక్కం అంటే?”

“పదిహేడు ఒకట్లు పదిహేడు. పదిహేడు రెళ్ళు ముప్పైనాలుగు,” అని చుట్టిన కాగితం విప్పి, అక్షరాల మీద వేలు పెట్టింది. “ఈ నది ఎవరిది?”

ఫింటన్ నా వైపు తిరిగాడు. కోపం ఉంటే భరించేవాణ్ణి. బడికి కొత్త చొక్కా వేసుకెళ్ళి, దాని మీద సిరా పోయించుకున్న పిల్లాడి మొహం అది.

“నది లేదా?” అన్నాడు.

“లేదు.”

“సముద్రం?”

“అదీ లేదు. నాకు ఏ మంత్రాలూ రావు ఫింటన్. మాది చర్చి ఇల్లు. నన్ను ఎవరో ఒకరు కావాలన్నారని...”

“మొన్ననే ఆ నది మాట వంటింటి గోడ మీద రాసుకున్నాను,” అన్నాడు నెమ్మదిగా. “పెయింట్ ఇంకా ఆరలేదు.”

సువార్త నా పక్కన వచ్చి నిలబడింది. “ఏవండీ,” అని మాత్రం అంది. నేను విన్న తిట్లలో అంతకన్నా పెద్దది లేదు.

అప్పుడు వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది. గొంతులో ఏదో అడ్డుపడినట్టు, ఈలలా. సువార్త కంగారుగా పరిగెత్తింది. నోయెల్. ఒళ్ళంతా కదిలిపోతోంది, కళ్ళలోంచి నీళ్ళు. నాడి చూడబోతే ఆమె చెయ్యి తోసేశాడు. నవ్వుతున్నాడు.

“ఫింటన్,” అన్నాడు ఊపిరి తీసుకుని. “ఇలా రా. నేను పెట్టిన షరతేంటి?”

“మాటలు నిజమైనవై ఉండాలన్నావు,” అన్నాడు ఫింటన్ నేల చూస్తూ. “నన్ను క్షమించు. మళ్ళీ మోసపోయాం.”

“మోసమా? ఆ రోజుల్లో మన పాటలన్నిట్లో ఏం పాడాం? ప్రేమ లోకాన్ని మారుస్తుందన్నాం. మార్చిందా? యుద్ధాలు ఆగుతాయన్నాం. ఆగాయా?” నోయెల్ వణికే కర్రతో కమలమ్మ ఆంటీని చూపించాడు. “పదిహేడు ఎనిమిదులు ఎంతమ్మా?”

“నూట ముప్పై ఆరు,” అంది ఆంటీ.

“రేపు?”

“రేపైనా అంతే.”

“విన్నావా!” అన్నాడు నోయెల్. “ఒరేయ్ వెర్రోడా, మన బ్యాండు పుట్టిన దగ్గర్నుంచి వేదిక మీద పాడిన మొట్టమొదటి నిజం అది!”

ఫింటన్ అప్పుడు కూడా నవ్వలేదు. వెళ్ళి నోయెల్ కుర్చీ పక్కన నేల మీద కూలబడి, ఆ వణికే చేతిని పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆయన జడ కూడా కదలడం మొదలుపెట్టింది.

నోయెల్ తర్వాత ఐదు నెలలు బతికాడు. కర్రలు పట్టడం మూడో నెలలో ఆగిపోయింది కానీ, ప్రతి బుధవారం ఫింటన్ వెళ్ళి ఆయన పక్కన గిటారు వాయించేవాడు. నాతో మాత్రం ఆరు వారాలు మాట్లాడలేదు. మాట్లాడిన రోజు కూడా ఒక్క వాక్యమే: “ఆ గోడకి నువ్వే వచ్చి పెయింట్ వెయ్యి.” రెండు కోటింగులు వేశాను. నది కింద నుంచి కనిపిస్తూనే ఉందని మూడోది కూడా వేయించాడు. ఏ పనీ లేని ఆ ఏడాదిలో నేను నిజాయితీగా చేసిన మొదటి పని అదే అనుకుంటాను.

అందుచేత, పాఠకుల సమక్షంలో, ఒంగోలు వాస్తవ్యుడైన ప్రభుదాసు అనే నేను గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నాకు రానిది వచ్చని చెప్పను. తెలియని అర్థం చెప్పి ఏ ముసలి కంట నీరు తెప్పించను. కాషాయం రంగు దుప్పటి చలికి చచ్చిపోతున్నా కప్పుకోను. నన్నెవరైనా గురువనుకుంటే, అప్పటికప్పుడే ఆపుతాను, చేతిలో ఎన్ని బిస్కెట్లున్నా సరే.

ఒకవేళ ఎప్పుడైనా, ఏ దేశంలోనైనా, తప్పనిసరై మంత్రం చెప్పాల్సి వస్తే, పదో ఎక్కం దాటను.